తాత పారేసిన రాయి

మొదట కిటికీని తిట్టాను.
తరువాత వీధిదీపాల వాళ్లని.
ఆ తరువాత మాయ్‌కెన్‌ని,
మా ఆడపడుచుని,
ఆదివారం కాఫీకి వచ్చి
గిన్నెలు కడగకుండా వెళ్లని మనిషిని.
"కప్పుల మీద మీగడ తరకలా ఏదో వదిలేసి పోతున్నావు" అన్నాను.
ఆమె తుడుపుగుడ్డ మడిచి కుర్చీ వీపు మీద వేసింది.
మూడు ఆదివారాలు రాలేదు.

శుక్లం తీసి రెండేళ్లు.
కట్టు విప్పిన రోజున వాక్స్‌హోల్మ్ రేవులో
పడవల పేర్లు పైకే చదువుకుంటూ నడిచాను,
బడిపిల్ల అక్షరాలు కూడబలుక్కున్నట్టు.
ఇప్పుడు ఆ పేర్లు మళ్లీ కరిగిపోయాయి.
ప్రతి దీపం చుట్టూ చిక్కుపడిన ఉన్ని.
"మళ్లీ వచ్చిందా అది?"

"అది తిరిగి రాదు" అంది డాక్టర్ పర్వానె.
"కొత్త కటకం కూర్చున్న సంచి మాత్రం
మీరు పుట్టినప్పటిదే.
దాని వెనకగోడ మసకబారింది.
తుడిస్తే పోదు. గోడలో చిన్న కిటికీ తెరవాలి."
నవ్వొచ్చింది.
వెనిగర్ నీళ్లతో అద్దాలు రుద్దీ రుద్దీ
నా వేళ్లు పగిలిన సంగతి ఆమెకేం తెలుసు.

చుక్కలు వేశారు. కంటిపాప బావిలా వెడల్పయింది.
గడ్డం ఇక్కడ, నుదురు అక్కడ.
జిగురు పూసిన గాజుబిళ్ల ఒకటి
చల్లగా వచ్చి కంటిమీద కూర్చుంది.
రెండు ఎర్రచుక్కలు తడబడి, ఒకటయ్యాయి.
టక్.
టక్ టక్.
పక్కగదిలో ఎవరో గోళ్లు కత్తిరించుకుంటున్నట్టు.
నొప్పి లేదు. అదే నమ్మలేకపోయాను.
"ఏముంది ఈ మిషన్‌లో?"
"కదలకండి. ఒక స్ఫటికం. ఇట్రియం కలిపి చేసినది."

ఇట్రియం!
అమ్మా, అది మా ఊరి పేరు.
ఇత్తెర్బీ గుట్ట మా పెరట్లోంచి కనబడేది.
పింగాణీకి పనికొచ్చే తెల్లరాయి కోసం
యాల్మార్ తాత సమ్మెట ఎత్తిన చోటు.
మధ్యలో నల్లది తగిలేది, బొగ్గులా నిగనిగలాడుతూ,
చెయ్యి లాగేసేంత బరువు.
దరిద్రపు రాయి అని కాలితో తన్నేవాడు.
చదువుకున్నవాళ్లు దాన్ని నూరి, కరిగించి,
లోకం ఎరగని లోహాలు పట్టి
మా పల్లె పేరునే ముక్కలు చేసి వాటికి పంచారట.
నాయనమ్మకి దాని వాడుక ఒకటే తెలుసు:
హెర్రింగ్ చేపలు ఊరేసిన పీపా మీద
మూత లేవకుండా పెట్టే బరువు.

ఆ రాయి చుట్టం ఎవరో
ఇన్నాళ్లకి నా కంటి తలుపు తడుతున్నాడు.
టక్.
"అయిపోయింది."

బస్సులో మంచుమీది ఎండ పొడుచుకొచ్చింది.
నల్లద్దాల వెనక ఏవో పీలికలు ఈదుతున్నాయి.
తెగిన పొర తాలూకువి,
కొన్నాళ్లు తిరిగి సర్దుకుంటాయట.

మర్నాడు పొద్దున్నే అల్మరా తెరిచాను.
కప్పులు. ఒక్కదానికీ మచ్చ లేదు.
ఎదుటివాళ్ల కళ్లకి పొరలు కమ్మాయని
ఎన్నిసార్లు అన్నానో ఈ నోటితో.

ఇంకోటి కూడా కనబడింది.
ఫ్యాక్టరీలో ముప్ఫయ్యారేళ్లు
తిరిగే చక్రం మీద కప్పు పెట్టి
ఊపిరి బిగబట్టి, కుంచె ఆనించి
అంచు చుట్టూ తిప్పిన నీలిగీత,
నా గీత.
వెంట్రుకవాసి తేడా ఉండదని ఫోర్‌మన్ అనేవాడు.
ఆయన అన్నాడని నేను ఊరంతా అన్నాను.

ఉంది తేడా.
ప్రతి కప్పుకీ, మొదలూ చివరా కలిసే చోట
చిన్న ముడి,
కుట్టు ముగించి దారం తెంపిన చోట మిగిలేలాంటిది.
సిగ్గుపడాల్సింది. పడలేదు.
అక్కడే కదా, ప్రతిసారీ, నేను ఊపిరి వదిలింది.

ఫోన్ చేశాను.
"కప్పులు శుభ్రంగానే ఉన్నాయి" అన్నాను.
అటునుంచి కాసేపు కుళాయి చప్పుడు.
"తెలుసు" అంది మాయ్‌కెన్.
"ఆదివారం దాల్చినచెక్క రొట్టెలు తెస్తాను.
కడగడం మాత్రం నువ్వే."